‘వైబ్’, ‘ఎనర్జీ’కి తెలుగులో ఏం రాయాలి? (పుస్తకానికీ ఆడియోకీ)

సుగుణ_అలిపిరి

అందరికీ నమస్కారం. తిరుపతి చుట్టుపక్కల చూడాల్సిన చోట్ల మీద ఒక చిన్న పుస్తకం, దాంతోపాటు ఫోన్లో వినే ఆడియో తయారవుతున్నాయి. మూలం ఇంగ్లీషులో ఉంది. ఏ పేజీ తిప్పినా ‘వైబ్’, ‘ఎనర్జీ’ తగులుతున్నాయి. నిఘంటువులో చూస్తే వాతావరణం, శక్తి అని ఉంది. అవే పెట్టుకుంటూ పోతే చదవబుద్ధి కావడం లేదు. ఇరుక్కున్న వాక్యాలు ఇవి:

1. గంగమ్మ జాతర రోజుల్లో ఊళ్ళో ఎనర్జీ మామూలుగా ఉండదు.
2. తెల్లవారుజామున కపిలతీర్థం వైబ్ చాలా ప్రశాంతం.
3. చంద్రగిరి కోట వైబే వేరు.
4. నడకదారిన కొండెక్కాలంటే ఎనర్జీ కావాలి.
5. మా బసలో నీళ్ళు సోలార్ ఎనర్జీతో కాగుతాయి.
6. గైడుతో మీకు వైబ్ కుదరకపోతే వేరే గైడును అడగవచ్చు.

అన్నిటికీ సరిపోయే మాట ఏదైనా ఉందా? పుస్తకంలో రాసిందే ఆడియోలోనూ చదివించవచ్చా?

కొర్లగుంట_కుర్రోడు

అక్కా, ‘వైబ్’ మన ‘వైభవం’ నుంచే పోయిందంట కదా. వైభవం అని పెట్టేస్తే సరిపోలా?

పాకాల_మాస్టారు

అన్నిటికీ కలిపి ఒకే మాట లేదమ్మా. వెతికి టైం పోగొట్టుకోవద్దు. ఇంగ్లీషు నామవాచకంలో పెట్టేదాన్ని మనం ఎక్కువగా క్రియలో పెడతాం. ఊరు కళకళలాడుతోంది. పెళ్ళివారు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. జనం రాక సినిమాహాలు వెలవెలబోతోంది. పిల్లలు హాస్టలుకు పోతే ఇల్లు బావురుమంటోంది. ఈ నాలుగు వాక్యాల్లో వాతావరణం అన్న మాట ఎక్కడా లేదు, చదివినవాడికి మాత్రం ఆ చోటు ఎట్లా ఉందో తెలిసిపోయింది.

కాబట్టి పని ఇట్లా చేయండి. ముందు ఆ ఎనర్జీ ఎవరిదో తేల్చుకోండి: ఒంటిదా, మనసుదా, గుంపుదా, చోటుదా, యంత్రానిదా. తర్వాత వాక్యం చివర వచ్చే క్రియ రాసుకోండి. నామవాచకం ఆఖర్న. క్రియ సరిగ్గా పడితే చాలాసార్లు నామవాచకంతో పనే ఉండదు.

మీ 4వ వాక్యం ఒంటిది. దానికి సత్తువ, ఓపిక అని రెండు మంచి మాటలున్నాయి, రెండూ ఒకటి కావు. సత్తువ ‘సత్త్వం’ నుంచి వచ్చిన తద్భవం. తిండితో వస్తుంది, జ్వరం తగిలితే పోతుంది. ఓపికకు మూలం ‘ఓపు’ అనే క్రియ, అంటే భరించు. అందుకే దానికి రెండు అర్థాలు: ‘లేచే ఓపిక లేదు’ అంటే నీరసం, ‘కాస్త ఓపిక పట్టు’ అంటే సహనం. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిటారు మెట్లు, అక్కడ పనికొచ్చేది సత్తువ. ఆ తర్వాత చాలాదూరం చదును. చివర్లో మోకాళ్ళ మెట్టు వచ్చేసరికి సత్తువ అయిపోయి ఉంటుంది, ఇక మిగిలింది ఓపికే. ‘ఈ దారికి సత్తువతోపాటు ఓపికా కావాలి’ అని రాయండి. శ్రీవారి మెట్టు దారి గురించి అయితే 2,388 మెట్లే కాబట్టి ‘కాస్త సత్తువ ఉంటే చాలు’ అని కొందరు రాస్తారు. అది పొరపాటు. ఆ దారి పొట్టిదే, కాకపోతే మధ్యలో కాళ్ళకు విశ్రాంతినిచ్చే చదును తక్కువ.

‘చేవ’ కూడా ఈ వరసలోదే కానీ ఇక్కడ పెట్టకూడదు. చేవ అంటే చెట్టు కాండం నడిమధ్య ఉండే గట్టి కర్ర. శేషాచలం ఎర్రచందనంలో ఎరుపంతా ఆ చేవలోనే ఉంటుంది, చుట్టూ ఉన్న తెల్లటి కర్రకు విలువ లేదు. ఏళ్ళ తరబడి ముదిరితేగానీ చేవ రాదు. మనిషి విషయంలోనూ అంతే, ‘చేవ గలవాడు’ అంటే లోపల గట్టిపడినవాడు. ‘రాత్రి బాగా నిద్రపోయి చేవ తెచ్చుకోండి’ అంటే నవ్వుతారు.

ఇక 1వ వాక్యం, జాతర. ఇది గుంపుది. గుంపు మాటల్లో రాసేవాడి ఇష్టాయిష్టాలు దాగి ఉంటాయి, జాగ్రత్త. సందడిలో ఇష్టం ఉంది. కోలాహలంలో శబ్దం ఉంది, మంచీ చెడూ లేదు. సంరంభం అంటే ఒక పెద్ద పని తలపెట్టి అందరూ అందులో దిగిన ఉత్సాహం. రద్దీలో విసుగు ఉంది. హడావిడిలో పరుగు ఎక్కువ, పని తక్కువ. ఆర్భాటం అన్నారంటే వెక్కిరించినట్టే. గంగమ్మ జాతరకు ‘హడావిడి’ అని రాసి చూడండి, అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంటలో ఎవరూ ఊరుకోరు.

జాతర ఒకే రకంగా ఉండదు కూడా. చాటింపు వేసిన రోజు ‘ఊళ్ళో సందడి మొదలవుతుంది’. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇట్లా రోజుకొక వేషం కట్టి జనం వీధుల్లోకి వచ్చేటప్పుడు ‘ఊరు ఊగిపోతుంది’. ‘పూనకం వచ్చినట్టు’ అన్నది అతికే పోలికే. కాకపోతే అక్కడ నిజంగానే పూనకం వచ్చేవాళ్ళు ఉంటారు, పోలికను జనం పోలికగా తీసుకోరు. వాడకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ వాక్యంలో ‘శక్తి’ అసలు వద్దు. ‘జాతరలో శక్తి కనబడుతుంది’ అంటే మన ఊళ్ళలో అమ్మవారు కనబడిందనే అర్థం. గంగమ్మే శక్తి.

మిట్టూరు_ప్రూఫ్

కొర్లగుంట తమ్ముడికి: కాదు. వైభవం ‘విభవం’ నుంచి వచ్చింది. వైబ్ ఇంగ్లీషులో ‘వైబ్రేషన్’కు పొట్టి రూపం, దాని మూలం లాటిన్లో ‘ఊపు, అదురు’ అనే అర్థం ఉన్న క్రియ. మొదట్లో ‘వైబ్స్’ అంటే వైబ్రాఫోన్ అనే వాయిద్యం. మనిషి దగ్గరో చోటు దగ్గరో కలిగే అనుభూతి అన్న వాడుక 1960లలో పెరిగింది. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండటం కాకతాళీయం. పైగా అర్థం కూడా అతకదు: బ్రహ్మోత్సవాలకు వైభవం ఉంటుంది, తెల్లారి కపిలతీర్థానికి ఉండేది వైభవం కాదు.

తమాషా ఏమిటంటే, మూలార్థం పట్టుకుంటే తెలుగులో దానికి సరిజోడు ‘ఊపు’. అదీ ఊపడం నుంచే వచ్చింది. అయితే ఇంగ్లీషు మాట అనుభూతి వైపు పోయింది, మన మాట వేగం వైపు వచ్చింది. ‘ప్రచారం ఊపందుకుంది’, ‘మంచి ఊపు మీదున్నాడు’. కదలిక ఉన్నచోటే ఊపు. గుడికి, కోటకు, చెరువుగట్టుకు ఊపు ఉండదు.

మాస్టారు చెప్పినవి కాక, ప్రూఫులో మళ్ళీ మళ్ళీ దొర్లే తప్పులు చెబుతాను.

‘పాజిటివ్ వైబ్రేషన్స్’ను ‘సానుకూల ప్రకంపనలు’ అని దించేస్తారు. తెలుగు పత్రికల్లో ప్రకంపనలు రెండే చోట్ల వస్తాయి, భూకంపం వార్తలో, రాజకీయ కుంభకోణం వార్తలో. ‘గుడిలో ప్రకంపనలు’ అని చదివినవాడు గోడలు బీటలిచ్చాయా అని చూస్తాడు. ‘ధనాత్మక శక్తి’ ఇంకా ఘోరం. ధనాత్మకం గణితంలో మాట, మామూలు పాఠకుడికి అందులో కనిపించేది ధనమే.

కళ, కల, కలకలం. ఈ మూడూ కలిసిపోతున్నాయి. కళ అంటే వెలుగు, శోభ. చంద్రుడికి 16 కళలు అంటామే, ఆ మాటే. ‘ముఖంలో కళ’, ‘పండగ కళ’ అని ళతో రాయాలి. కల అంటే నిద్రలో వచ్చేది. కలకలం అంటే అలజడి: ‘నడకదారిలో చిరుత కలకలం’ అని వార్త చదివే ఊరు మనది, ‘పండగ కలకలం’ అని పుస్తకంలో పడితే జనం దారి మార్చుకుంటారు.

కళకు క్రియలు కూడా పట్టింపుగా ఉంటాయి. కళ వస్తుంది, కడుతుంది, ఉట్టిపడుతుంది, తప్పుతుంది. కళ ‘పెరుగుతుంది’ అనరు, కళ ‘నెలకొంది’ అనరు. నెలకొనేవి వాతావరణం, ప్రశాంతత, సందడి. ఉత్సాహం ఉప్పొంగుతుంది, నీరుగారుతుంది. జోరు తగ్గుతుంది, ‘తప్పదు’. ఈ జతలు తప్పితే మాట సరైనదే అయినా వాక్యం అనువాదం వాసన కొడుతుంది.

పర్యాయపదాల కోసం పాత కోశాల్లోకి పోయేవాళ్ళకు ఒక మాట. అమరకోశంలో శక్తికి చెప్పిన పర్యాయాలు ద్రవిణం, తరస్సు, సహస్సు, బలం, శౌర్యం, స్థామం, శుష్మం, పరాక్రమం, ప్రాణం. అవి ఉన్నది క్షత్రియవర్గంలో, అంటే యుద్ధం మాటల మధ్య. ద్రవిణానికి డబ్బు అనే అర్థమూ ఉంది. పర్యాయం అని చెప్పినంత మాత్రాన ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

హుషారు మీద కూడా చిన్న హెచ్చరిక. మనవైపు హుషారు అంటే ఉత్సాహం. తెలంగాణలో ‘పిల్లగాడు హుషారు’ అంటే తెలివైనవాడు. మూలమైన ఫార్సీ మాటకూ తెలివి, మెలకువ అనే అర్థాలే. పుస్తకం హైదరాబాదులో కూడా చదువుతారు కాబట్టి ‘హుషారైన గైడు’ అని రాసే ముందు ఆలోచించండి. రెండర్థాలూ మంచివే, గైడుకు నష్టం లేదు, కానీ మీరు చెప్పదలచింది ఒకటే కదా.

గాదంకి_దారి

5వ వాక్యం గురించి, తర్వాత వాతావరణం గురించి.

ఒక్క యంత్రాల దగ్గరే ‘శక్తి’ని కళ్ళు మూసుకుని వాడవచ్చు, ఎందుకంటే అక్కడ దానికి కొలత ఉంది. బడి పుస్తకాల్లో లెక్క ఇది: బలం న్యూటన్లలో, శక్తి జౌళ్ళలో, సామర్థ్యం వాట్లలో. సామర్థ్యం అంటే ఎంత వేగంగా శక్తి ఖర్చవుతోందన్నది. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే కిలోవాట్ గంట, 36 లక్షల జౌళ్ళు. 2,000 వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్. ఇందులో 2,000 వాట్లు సామర్థ్యం, యూనిట్ శక్తి. ‘2,000 వాట్ల శక్తి’ అని రాయడం తప్పు, రోజూ కనబడే తప్పు.

చిక్కు ఎక్కడంటే, మామూలు తెలుగులో సామర్థ్యం అంటే ఎంత పడుతుందన్నది కూడా. ‘200 లీటర్ల సామర్థ్యం గల ట్యాంకు, 2,000 వాట్ల సామర్థ్యం గల గీజర్’ అని ఒకే వాక్యంలో రాస్తే ఒకే మాట రెండు పనులు చేస్తుంది. ‘200 లీటర్లు పట్టే ట్యాంకు, 2,000 వాట్ల గీజర్’ చాలు.

బసలో నీళ్ళు కాచేది పైకప్పు మీద గొట్టాల సోలార్ హీటర్ అయితే అక్కడ కరెంటు పుట్టదు, ఎండ వేడి నేరుగా నీళ్ళకు పోతుంది. కాబట్టి ‘సౌర విద్యుత్తుతో’ అని రాయకండి. ‘సౌరశక్తితో’ సరైనదే. ‘ఎండ వేడితో కాగిన నీళ్ళు’ అంటే ఇంకా బాగుంటుంది. ఎంత ఆదా అవుతుందో చెప్పాలనుకుంటే: 100 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగాలంటే సుమారు 4 యూనిట్ల శక్తి కావాలి, అంటే ఆ గీజర్ రెండు గంటలు వేసినట్టు. మబ్బు పట్టిన రోజు అంత కాగవు, ఆ ముక్క కూడా రాయండి, లేకపోతే నవంబరులో ఫిర్యాదులు వస్తాయి.

ప్రభుత్వ కాగితాల్లో ఎనర్జీకి ‘ఇంధనం’ అని కూడా కనిపిస్తుంది: ఇంధన శాఖ, ఇంధన పొదుపు. అసలు ఇంధనం అంటే మండేది, కట్టెలు, బొగ్గు, పెట్రోలు. ఎండను ఇంధనం అనడం శాఖలకు అలవాటు, మీకు అవసరం లేదు.

వాతావరణం: వాత + ఆవరణం, గాలి పొర. అచ్చంగా ఆ అర్థంలోనే వాడే చోటు మనకు దగ్గర్లో ఉంది. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ ఆ గాలి పొరలనే పరిశీలిస్తుంది. ఆ మూడక్షరాలు మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాలకు గుర్తు. వీధిలో మనిషికి మాత్రం వాతావరణం అంటే ఎండా వానా. పుస్తకంలో ఏళ్ళ తరబడి ఉండే తీరు చెప్పాలంటే ‘శీతోష్ణస్థితి’, చుట్టూ ఉన్న చెట్టూ చేమా నీరూ అయితే ‘పర్యావరణం’. ఇది పరి + ఆవరణం, యణాదేశ సంధి. ‘పర్యావరణం చల్లగా ఉంది’ అని రాసినవాళ్ళు ఉన్నారు!

మీకు పనికొచ్చే గుర్తు ఒకటి: ముందు విశేషణం లేకపోతే వాతావరణం ఎప్పుడూ ఎండావానే. ‘కొండ మీద వాతావరణం బాగుంది’ అంటే వాన లేదని. ‘పండగ వాతావరణం’, ‘ఉద్రిక్త వాతావరణం’ అని ఏదో ఒకటి ముందు తగిలిస్తేనే రెండో అర్థం వస్తుంది.

మిట్టూరు_ప్రూఫ్

గాదంకి సార్ చెప్పినదానికి ఒక తోక. ‘గుడి ఆవరణలో ఆధ్యాత్మిక వాతావరణం’ అని విలేకరులు అలవాటుగా రాసేస్తారు. ఆవరణ పక్కనే ఆవరణం, చదువుతుంటే నత్తి వచ్చినట్టుంటుంది. ‘గుడిలో అడుగుపెట్టగానే’ అని మొదలుపెడితే రెంటిలో ఒకటి దానంతటదే పోతుంది.

సుగుణ_అలిపిరి

చాలా సాయం చేశారు. వీటిని పట్టుకుని మళ్ళీ రాశాను, దిద్దండి:

1. గంగమ్మ జాతర వారం ఊరంతా ఊపు నెలకొంటుంది.
2. తెల్లవారుజామున కపిలతీర్థంలో ప్రశాంత వాతావరణం నెలకొంటుంది.
3. చంద్రగిరి కోటలో చారిత్రక వాతావరణం నెలకొని ఉంది.
4. ఈ దారికి సత్తువతోపాటు ఓపికా కావాలి.
5. ఇక్కడ ఎండ వేడితో కాగిన నీళ్ళే స్నానానికి.
6. గైడుతో మీకు సామరస్యం కుదరకపోతే వేరొకరిని అడగవచ్చు.

ఇంకో ప్రశ్న. కుర్రాళ్ళ కోసం చిన్న వీడియోలు కూడా ఉన్నాయి. వాటిలో ‘వైబ్’ అనే ఉంచేస్తే తప్పా?

పాకాల_మాస్టారు

4, 5 ముట్టుకోకండి, బాగున్నాయి.

1లో ఊపుకు ‘నెలకొంటుంది’ అతకదు. నెలకొనడం అంటే కుదురుగా నిలవడం, ఊపు నిలవనిది. ‘గంగమ్మ జాతర వారమంతా తిరుపతి ఊగిపోతుంది.’ అంతే. ఊపు అన్న నామవాచకమే పోయింది చూడండి.

2 తప్పు కాదు, వార్తాపత్రిక వాక్యం. చోటు ఎట్లా ఉందో చెప్పడానికి తెలుగులో ఇంకో దారి ఉంది: అక్కడికి పోయిన మనిషికి ఏమవుతుందో చెప్పడం. ‘తెల్లవారుజామున కపిలతీర్థం మెట్ల మీద కూర్చుంటే మనసు కుదుటపడుతుంది.’ వానలు బాగా పడిన రోజుల్లో ఇది కుదరదు. జలపాతం హోరు, దాన్ని చూడటానికి వచ్చిన జనం, ప్రశాంతత అన్న మాట పుస్తకంలోనే మిగిలిపోతుంది. ఆ రోజులకు ‘కొండ మీంచి దూకే నీళ్ళ హోరు దూరం నుంచే వినబడుతుంది’ అని వేరే వాక్యం పెట్టండి.

3లో కోట చారిత్రకమే, అది చెప్పనక్కరలేదు. కోటకు మన దగ్గర సొంత మాట ఉంది, రాజసం. ‘రాజమహల్లో ఇప్పటికీ రాజసం ఉట్టిపడుతోంది.’ రజోగుణానికి చెందినది రాజసం, కానీ వాడుకలో రాజుకు తగిన ఠీవి అనే స్థిరపడింది. బయట కూలిన గోడల దగ్గరికి వచ్చేసరికి అదే మాట వాడితే అబద్ధమవుతుంది. అక్కడ ‘ఒకప్పటి కళ తప్పినా’ అని రాయవచ్చు.

6కు ‘సామరస్యం’ మరీ బరువు, రెండు మతాల మధ్యో వర్గాల మధ్యో వాడే మాట. ‘గైడుతో మీకు పొసగకపోతే’ అనండి. మాట్లాడేటప్పుడైతే ‘పడకపోతే’. ‘వాళ్ళిద్దరికీ పడదు’ అని మూడక్షరాల్లో చెప్పేస్తాం. ఇల్లు విషయంలో ‘ఆ ఇల్లు అచ్చిరాలేదు’, ఊరి విషయంలో ‘అక్కడి గాలీ నీరూ పడలేదు’. ‘నెగటివ్ ఎనర్జీ’ అని ఇప్పుడంటున్నదాంట్లో సగం ఈ రెండు మాటల్లో ఉంది.

‘వైబ్’ ఉంచవచ్చా అంటే, ఇరవై ఏళ్ళవాళ్ళు చూసే వీడియోలో ఉంచండి. ‘మస్తు వైబ్’, ‘వైబ్ సెట్ అయింది’ అని వాళ్ళు అనేదే. కానీ తెలుగు ప్రత్యయాలు తగిలించి చదివి చూసుకోండి. ‘వైబ్‌లో’, ‘వైబ్‌కి’ నాలుక మీద తిరుగుతాయి. ‘వైబ్‌యొక్క’, ‘వైబులను’ తిరగవు.

మిట్టూరు_ప్రూఫ్

ఆడియోకు ఒక మార్పు, సుగుణ గారూ. పుస్తకంలో ‘ఒకప్పటి కళ తప్పినా’ బాగానే ఉంటుంది. చదివే గొంతు ళను కాస్త తేల్చేసిందంటే ‘ఒకప్పటి కల తప్పినా’ అని వినబడుతుంది, అక్కడ వాక్యం అర్థం పోతుంది. వినేవాడికి వెనక్కి వెళ్ళి అక్షరం చూసే వీలు లేదు. ఆడియోలో అక్కడ ‘కోట బోసిపోయినా’ అని మార్చండి. ‘కళకళలాడుతోంది’ మాత్రం అట్లాగే ఉంచవచ్చు, రెండుసార్లు వస్తుంది కాబట్టి ళ తేలిపోయినా మాట దొరుకుతుంది.

‘సత్తువతోపాటు ఓపికా’లో చివరి దీర్ఘం కూడా చదివేవాళ్ళకు గుర్తు పెట్టి ఇవ్వండి. దాన్ని మింగేస్తే ‘ఓపిక కావాలి’ అవుతుంది, ‘కూడా’ అన్న అర్థం ఎగిరిపోతుంది.